శుక్రాచార్యుల లిస్టూ, వీసా ఫారమూ



పోయిన వారం వీడియోలో వామన చరిత్ర చెప్పుకున్నాం కదా. అందులో శుక్రాచార్యులు బలి చక్రవర్తికి ఇచ్చే సలహా ఒకటుంది. పోతన గారి భాగవతం అష్టమ స్కంధంలో వస్తుంది. పద్యం నోటికి రాకపోయినా దాని భావం తెలియని తెలుగిల్లు ఉండదేమో. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణానికో డబ్బుకో పరువుకో నష్టం వచ్చేటప్పుడు, భయపడిన గోవునీ బ్రాహ్మణుణ్ణీ కాపాడేటప్పుడు అబద్ధం ఆడితే పాపం అంటదు అని. మన పెద్దవాళ్ళు పెళ్ళి సంబంధాల దగ్గర అబ్బాయి జీతం కొంచెం పెంచి చెప్పేటప్పుడు నవ్వుతూ ఈ పద్యాన్నే గుర్తు చేస్తారు.

ఈ లిస్టులో వీసా కూడా పడుతుందా? నవ్వులాటకి అడగటం లేదు. డబ్బు పోయే పరిస్థితి ఉంది, పరువు పోయే పరిస్థితి ఉంది, బతుకుతెరువు ఉంది. శుక్రాచార్యులు ఇవాళ చిక్కడపల్లిలో ఉంటే ఫారం మీద 'లేదు' అని టిక్ పెట్టేయమనే అనేవారు అనిపిస్తుంది.

మా ఏరియా తెలిసినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. నారాయణగూడ మెట్రో దిగి హిమాయత్‌నగర్ వైపు నడిస్తే విదేశీ చదువుల బోర్డులు. ఇటు అశోక్‌నగర్ వైపు వస్తే గ్రూప్స్ కోచింగ్ బోర్డులు, సెంట్రల్ లైబ్రరీ ముందు టిఫిన్ బాక్సులతో పొద్దున్నే వచ్చేసిన పిల్లలు. ఒక రోడ్డు దేశం బయటికి పోయేది, ఇంకో రోడ్డు సర్కారు కొలువుకి పోయేది. రెండు రోడ్లలోనూ ఫారం ఉంటుంది, రెండు ఫారాల్లోనూ ఒక ప్రశ్న ఉంటుంది. గతంలో ఎప్పుడైనా మీకు వీసా నిరాకరించారా? గతంలో ఎప్పుడైనా మీ మీద కేసు ఉందా? ఆ 'గతంలో ఎప్పుడైనా' అనే మాట దగ్గరే చెయ్యి ఆగుతుంది.

నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. మా ఫీల్డులో నల్ వేరు, ఫాల్స్ వేరు. నల్ అంటే అక్కడ విలువ లేదు, ఖాళీ. ఫాల్స్ అంటే అక్కడ ఒక విలువ ఉంది, ఆ విలువ 'కాదు'. ఈ రెండూ ఒకటే అనుకుని రాసిన ప్రోగ్రాం ఎక్కడో ఒకచోట తన్నుతుంది. మామూలు జీవితంలో మనం చెప్పకుండా వదిలేసేవి చాలావరకు నల్. పక్కింటి ఆంటీకి నా జీతం చెప్పను, అది అబద్ధం కాదు. కానీ ఫారం మనకి నల్ ఇవ్వదు. అవును, కాదు, రెండే గడులు. ఏదో ఒకటి నొక్కితే తప్ప తర్వాతి పేజీకి పోనివ్వదు. కాబట్టి 'నేనేం అబద్ధం చెప్పలేదు, ఆ సంగతి ఎత్తలేదు అంతే' అన్న మాట ఫారం విషయంలో నిలబడదు. ఎత్తకపోవటానికి అక్కడ వీలే లేదు. కాదు అని చెప్పావు, కింద సంతకం పెట్టావు.

నాకు వరసకి అన్నయ్య అయ్యే ఒకాయన ఉన్నారు. బీటెక్ అయ్యాక అమెరికాకి రెండుసార్లు స్టూడెంట్ వీసా అడిగితే రెండుసార్లూ రిజెక్ట్ అయింది. తర్వాత కెనడా అన్నారు. కెనడా ఫారంలో, కెనడాలోగానీ ఇంకే దేశంలోగానీ మీకు ఎప్పుడైనా వీసా నిరాకరించారా అని అడుగుతారు. ఫారం నింపింది కన్సల్టెన్సీ వాళ్ళు. 'అవును అని పెడితే ఫైల్ బరువైపోతుంది సార్' అని వాళ్ళే 'లేదు' పెట్టారు. అన్నయ్య అడ్డు చెప్పలేదు. వీసా వచ్చింది. చదువు అయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళి అయింది. ఇప్పుడు పర్మనెంట్ రెసిడెన్సీకి పెడుతుంటే అదే ప్రశ్న మళ్ళీ ఎదురొచ్చింది. ఈసారి ఫారం ముందు కూర్చున్నది ఆయనొక్కడే. 'అవును' పెడితే పాత 'లేదు' బయటపడుతుంది. 'లేదు' పెడితే రెండో అబద్ధం, ఈసారి తన చేత్తో. మా బాబాయి ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టి తీసిన లోను ఇంకా తీరలేదు. వదినకి ఏడో నెల.

వామన చరిత్ర వీడియో ఎడిట్ చేస్తున్న రోజుల్లోనే ఆయన ఫోన్ చేసి ఏం చెయ్యమంటావ్ రా అన్నారు. అందుకే ఆ పద్యం నన్ను అంతగా పట్టుకుంది.

ముందు ఆ సలహా ఇచ్చింది ఎవరో చూడండి. శుక్రాచార్యులు రాక్షసులకి గురువు. బలి ఐశ్వర్యం పోతే ఆయన పౌరోహిత్యానికి కూడా దెబ్బే. అంటే సలహా ఇచ్చేవాడికి ఆ పనిలో లాభం ఉంది. ఆయన తెలివి తక్కువవాడు కాదు, చెప్పింది లోకం తీరుకి తగనిదీ కాదు. బలి కూడా ఆయన్ని తిట్టలేదు. మీరు చెప్పింది లోకంలో నడిచే ధర్మమే అని ఒప్పుకునే, ఇచ్చిన మాట తప్పలేను అన్నాడు. మన కన్సల్టెన్సీ వాళ్ళూ అలాంటివాళ్ళే. చెడ్డవాళ్ళని నేను అనను, ఫీజు వీసా వస్తేనే ముడుతుంది మరి. ఒక చిన్న సంగతి చెప్పాలి. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో, ఈ ఫారం నింపటానికి మీకు ఎవరైనా సాయం చేశారా అని ఒక ప్రశ్న ఉంటుంది. అవతలివాళ్ళు ఫారం మొత్తం నింపిపెట్టి, ఆ ప్రశ్న దగ్గర మాత్రం 'లేదు' అని పెట్టటం నేను కళ్ళారా చూశాను. అక్కడ ముందుగా దాచింది అభ్యర్థి తప్పుని కాదు, తమ చేతిని. రేపు గొడవైతే ఆ ఫారం దగ్గర వాళ్ళు ఉండరు. ఆ ఫారం పట్టుకుని చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వస్తే నూట ఎనిమిది చేస్తానని మొక్కుకునేది అభ్యర్థి.

అయితే శుక్రాచార్యుల సలహా అబద్ధం ఆడకముందు పనికొచ్చేది. అన్నయ్య సమస్య అబద్ధం అయిపోయిన తర్వాతది. దానికి భాగవతం కాదు, భారతం చూడాలి. కర్ణుడి కథ.

కర్ణుడికి ద్రోణుడు బ్రహ్మాస్త్రం నేర్పనన్నాడు, పుట్టుక కారణంగా. అప్పుడు కర్ణుడు మహేంద్రగిరికి పోయి పరశురాముడి దగ్గర తాను భృగువంశపు బ్రాహ్మణుణ్ణని చెప్పి చేరాడు. ఇక్కడ మన మనసు కర్ణుడి వైపే ఉంటుంది, నా మనసూ అంతే. ఆ ప్రశ్నే అన్యాయం కదా. పుట్టుకని బట్టి విద్య ఇవ్వడమేమిటి? ఇవాళ్టి సంగతీ అంత వేరేం కాదు. అమెరికాలో ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు అడిగేవాళ్ళకి ఒక్కో దేశానికి 7 శాతం అని పరిమితి ఉంది. ఆ లెక్క నీ ప్రతిభకి కాదు, పుట్టిన దేశానికి. హైదరాబాద్‌లో పుట్టినవాడు ఏళ్ళ తరబడి ఆగాలి, పక్క సీట్లో అదే పని చేసే ఇంకో దేశపువాడికి ముందే వచ్చేస్తుంది. అందుకే మనవాళ్ళకి ఒక కోపం ఉంటుంది. రూలే న్యాయంగా లేనప్పుడు ఆ రూలుకి నేనెందుకు న్యాయంగా ఉండాలి అని. ఆ కోపంలో నిజం లేదని నేను అనలేను.

కానీ కథ సరిగ్గా చదివితే, శాపం వచ్చింది పుట్టుక వల్ల కాదు, గురువుకి చెప్పిన అబద్ధం వల్ల. గురువు కర్ణుడి తొడ మీద తల పెట్టి నిద్రపోతుంటే పురుగు తొలిచింది, నెత్తురు కారింది, కర్ణుడు కదల్లేదు. ఆ ఓర్పు చూసి పరశురాముడు నిజం అడిగాడు. అప్పుడు చెప్పాడు. అసలైన సమయంలో ఆ అస్త్రం గుర్తుకు రాదని గురువు శపించాడు. నన్ను పట్టుకునేది ఆ మధ్య కాలం. ఆశ్రమంలో చేరిన రోజుకీ పురుగు కుట్టిన రోజుకీ మధ్య చాలా రోజులున్నాయి. రోజూ గురువుకి సేవ చేశాడు, రోజూ పాఠం నేర్చుకున్నాడు. అడగకుండా చెప్పటానికి రోజూ ఒక అవకాశం ఉంది. ఏ రోజుకారోజు, ఇవాళ చెబితే ఇన్నాళ్ళదీ పోతుంది అనే అనుకుని ఉంటాడు. రోజు గడిచేకొద్దీ పోయేది పెరుగుతూ వచ్చింది. అన్నయ్య పరిస్థితి అచ్చం ఇదే. మొదటి సెమిస్టర్లో చెప్పి ఉంటే పోయేది ఒక సెమిస్టర్. ఇప్పుడు పోయేది ఇల్లు.

చట్టం కూడా ఈ మధ్య కాలాన్నే చూస్తుంది. అమెరికా ఇమ్మిగ్రేషన్ విధానంలో, తప్పు చెప్పినవాడు అధికారి పట్టుకోకముందే, దొరికిన మొదటి అవకాశంలోనే, తనంతట తాను సరిదిద్దుకుంటే దాన్ని మోసంగా లెక్కించకుండా వదిలే వీలుంది. పట్టుబడ్డాక ఒప్పుకుంటే ఆ వెసులుబాటు లేదు. ముఖ్యమైన విషయంలో కావాలని తప్పు చెప్పారని తేలితే ఆ దేశంలో ప్రవేశానికి జీవితాంతం అనర్హత, కొన్ని మినహాయింపులు తప్ప. కెనడా చట్టంలో 40వ సెక్షన్ కింద ఐదేళ్ళు. ఆ రెండు దేశాల మధ్య వీసా సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉంది, కాబట్టి పురుగు ఎప్పుడైనా కుట్టొచ్చు.

ఇలా పట్టుబడటం అక్కడి సంగతి మాత్రమే అనుకోకండి. మన పౌరసత్వం కోసం మన సర్కారుకే ఇచ్చిన దరఖాస్తు మీద మన రాష్ట్రంలోనే పెద్ద కేసు నడిచింది. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేష్ గారిది. ఆయన 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. 2008లో మళ్ళీ భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టారు, 2009లో వచ్చింది, అదే ఏడాది ఎమ్మెల్యే అయ్యారు. ఆయన ఏ సెక్షన్ కింద అడిగారో దాని ప్రకారం దరఖాస్తుకి ముందు ఏడాది పాటు ఇక్కడే ఉండాలి. ఆ ఏడాదిలో చేసిన విదేశీ ప్రయాణాలు దరఖాస్తులో చెప్పలేదని ఆయన మీద పోటీ చేసిన ఆది శ్రీనివాస్ గారు ఫిర్యాదు చేశారు. కేంద్ర హోం శాఖ 2017లో పౌరసత్వం రద్దు చేసింది. కోర్టు మళ్ళీ పరిశీలించమంటే 2019 నవంబర్‌లో మళ్ళీ రద్దు చేసింది. 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసి 30 లక్షలు ఖర్చుల కింద కట్టమంది, అందులో 25 లక్షలు శ్రీనివాస్ గారికి. దరఖాస్తు నుంచి ఆ తీర్పు దాకా పదహారేళ్ళు. ఈలోగా ఆయన ఒక ఉప ఎన్నికతో కలిపి నాలుగుసార్లు గెలిచారు.

రాజకీయం నాకు అక్కర్లేదు, ఆయన మంచి చెడు తేల్చేవాణ్ణీ కాదు. ఆ కేసులో నన్ను ఆలోచింపజేసింది హోం శాఖ వాదన. ఆ ప్రయాణాల సంగతి ముందే చెప్పి ఉంటే మేము పౌరసత్వం ఇచ్చేవాళ్ళమే కాదు అని. అంటే ప్రశ్న 'దాచావా' అని మాత్రమే కాదు, 'చెప్పి ఉంటే జవాబు మారేదా' అని. 2017లో అమెరికా సుప్రీంకోర్టు మస్లెన్యాక్ అనే బోస్నియా శరణార్థి కేసులో అదే చెప్పింది. పౌరసత్వం రావటంలో ఏ పాత్రా లేని అబద్ధాన్ని పట్టుకుని పౌరసత్వం తీసేయకూడదంది. ఆ వాదనలప్పుడు చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ గారు 55 మైళ్ళ వేగం దాటకూడని చోట తాను ఒకప్పుడు 60లో వెళ్ళానని, పోలీసులు పట్టుకోలేదని చెప్పి, మరి పౌరసత్వం ఫారంలో, అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అనే ప్రశ్నకి నేను ఇది రాయాలా అని ప్రభుత్వ లాయరుని అడిగారు. రాయాలి అన్నారట లాయరు. మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సిగ్నల్ దగ్గర ఆ ప్రశ్న అడిగితే ఒక్కడు కూడా 'లేదు' అనలేడు.

అన్నయ్యకి ఇక్కడే ఆశ కలిగింది. రిజెక్ట్ అయిన సంగతి చెప్పినా కెనడా వాళ్ళు వీసా ఇచ్చేవాళ్ళేమో కదా, ఎంతమందికి ఇవ్వలేదు, అప్పుడు అది చిన్న అబద్ధమే కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు. కోర్టు శిక్ష ఎంత వెయ్యాలో కొలవటానికి ఆ గీత గీసింది. మనం దాన్ని ముందుగానే తెలుసుకుని ఆ గీత లోపల అబద్ధం ఆడటానికి కాదు. పైగా చెప్పి ఉంటే జవాబు మారేదా లేదా అన్నది నిర్ణయించే పని అడిగినవాడిది. ఆ పని మనమే చేసేసి అతనికి చెప్పకుండా ఊరుకుంటే, అతని కుర్చీలో మనం కూర్చున్నట్టే. నాకు అబద్ధం కంటే ఇదే పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

అడిగినవాడికి అడిగే హక్కు ఉందా అనేది వేరే ప్రశ్న. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ నిజమే చెప్తానని వ్రతం పట్టిన తపస్వి. దొంగలకి భయపడి అడవిలో దాక్కున్నవాళ్ళు ఎటు పోయారో ఆ దొంగలకే చెప్పేశాడు. వాళ్ళు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. కాబట్టి నిజం అంటే నోట్లో ఉన్నదల్లా కక్కటం కాదు. ప్రాణభయంతో సరిహద్దు దాటి పారిపోయి వచ్చినవాడు దొంగ పేరు చెప్పుకుంటే నేను తప్పు పట్టను. కానీ వీసా ఆఫీసరు దొంగ కాదు. ఇంటికి ఎవర్ని రానివ్వాలో అడిగే హక్కు ఇంటివాడికి ఉంది. మనం ప్రాణభయంతో కాదు, మంచి జీతం కోసం తలుపు తట్టాం. ఆ తేడాని దాచుకుని కౌశికుడి కథ చెప్పుకోవటం బాగుండదు.

అశోక్‌నగర్ పిల్లలకి ఈ బాధ ఇంకా దగ్గరది. తెలంగాణ ఉద్యమంలో ఎంతమంది స్టూడెంట్ల మీద కేసులు పడ్డాయో తెలుసు కదా. రైలు రోకోలో కూర్చున్నందుకు పేరు ఎక్కినవాడు పదేళ్ళకి సర్కారు ఉద్యోగానికి సెలెక్ట్ అయితే, అటెస్టేషన్ ఫారంలో కేసులున్నాయా అని అడుగుతారు. 2016లో అవతార్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. కానీ చిన్న వయసులో నినాదాలు ఇచ్చినట్టి చిన్న కేసు దాచినా, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు తమ విచక్షణతో క్షమించొచ్చు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అభ్యర్థి అంతా నిజమే చెప్పినా, ఆ గతాన్ని చూసి ఉద్యోగం ఇవ్వకుండా ఉండే హక్కు వాళ్ళకి ఉంది. ఇవ్వాలని బలవంతం లేదు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మన ఛానళ్ళలో (మా ఛానల్‌తో సహా) సత్యం గురించి చెప్పేటప్పుడు ఒక అలవాటు ఉంది. నిజం చెప్పాడు, వెంటనే దేవుడు కనిపించాడు, అంతా తిరిగి వచ్చింది అని. బలికి అలా జరగలేదు. ముందు రాజ్యం పోయింది, వరుణపాశాలతో కట్టేశారు, ఇంట్లోవాళ్ళు ఏడ్చారు. సుతలం ఆ తర్వాత. నిజం చెప్పు, పీఆర్ వస్తుంది అని అన్నయ్యకి నేను చెప్పలేను. ఈసారి 'అవును' పెట్టినంత మాత్రాన పాత 'లేదు' మాఫీ అయిపోదు. సంజాయిషీ అడుగుతూ లెటర్ రావచ్చు. ఐదేళ్ళు రావద్దనొచ్చు. వదిన, పుట్టబోయే బిడ్డ, బాబాయి లోను, వీటిలో ఏదీ ఆ అబద్ధం ఆడలేదు, కానీ దెబ్బ వాళ్ళకే ముందు తగులుతుంది. నేను దూరంగా కూర్చుని చెప్పటం తేలిక. ఆ మాట బాబాయి నా మొహం మీదే అన్నారు. 'నీదేం పోయింది రా, నీకు వడ్డీ కట్టే పని లేదు' అని. నా దగ్గర జవాబు లేదు. ఆయన అన్నది నిజమే.

అయినా చెప్పమనే అన్నాను. ఒకటే కారణం. మొదటి 'లేదు' కన్సల్టెన్సీ వాడిది అని అన్నయ్య ఇన్నాళ్ళూ తనకి తాను చెప్పుకున్నారు. అందులో సగం నిజం ఉంది. 2023లో నకిలీ అడ్మిషన్ లెటర్లతో కెనడా వెళ్ళిన స్టూడెంట్ల గొడవ, ఎక్కువగా పంజాబ్ పిల్లలది, బయటికొచ్చినప్పుడు ఆ దేశపు మంత్రే, నిజంగా ఏజెంటు చేతిలో మోసపోయినవాళ్ళని వెనక్కి పంపం అన్నారు. మోసపోయినవాడికీ మోసం చేసినవాడికీ తేడా ఉంది. కానీ రెండోసారి పెట్టే 'లేదు'కి ఏజెంటు లేడు. ఇప్పటిదాకా ఆయన నోరు మెదపనివాడు మాత్రమే. ఆ టిక్ తర్వాత వేరే మనిషి అవుతాడు. ఆ మనిషే ఆ బిడ్డకి నాన్న అవుతాడు.

ఛాందోగ్యంలో సత్యకాముడి కథ నాకు ఈ మధ్య బాగా దగ్గరైంది. గౌతముడి దగ్గర చదువుకోవాలని పోతే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, నీ గోత్రం ఏమిటి నాయనా అని. అడ్మిషన్ ఫారమే అనుకోండి. పిల్లవాడికి తెలియదు. తల్లి జబాలకీ తెలియదు, వయసులో ఉన్నప్పుడు నాలుగిళ్ళలో పని చేస్తూ నిన్ను కన్నాను అంది. ఏదో ఒక మంచి గోత్రం చెప్పేస్తే ఎవరు పోయి చూస్తారు? ఆ పిల్లవాడు గోత్రం కల్పించలేదు, నోరు మూసుకుని నిలబడలేదు. నాకు తెలియదు, మా అమ్మ ఇలా అంది, ఆమె పేరు జబాల, నా పేరు సత్యకాముడు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రెండు గడుల ఫారంలో మూడో గడి తనే గీసుకున్నాడు. ఆ మూడో గడి మనకీ ఉంది నిజానికి. 'అవును' పెట్టాక కింద వివరం రాసే చోటు ఉంటుంది, దానికి తోడు విడిగా ఒక లెటర్ పెట్టొచ్చు. ఎక్కువమంది ఆ చోటుని చూసి భయపడతారు, ఉన్నది చెప్పుకోవటానికి ఇచ్చిన చోటు అదొక్కటే అయినా.

గౌతముడు ఆ పిల్లవాణ్ణి చేర్చుకున్నాడు. చేర్చుకుని వెంటనే పాఠం చెప్పలేదు. నాలుగు వందల బక్క ఆవుల్ని విడిగా తీసి, వీటిని తోలుకుపో అన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని వెళ్ళాడు సత్యకాముడు, చాలా ఏళ్ళు అడవిలోనే ఉన్నాడు.

అన్నయ్య ఒక లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడి, రెండు రిజెక్షన్ల తేదీలూ, అప్పటి ఫారం ఎవరు నింపారో, తాను చూసి కూడా ఎందుకు ఊరుకున్నారో రాసి, దరఖాస్తుతో పాటు పంపారు. 'చూసి కూడా' అనే మాట ఉంచాలా తీసేయాలా అని రెండు రోజులు కొట్టుకున్నారు, చివరికి ఉంచారు. పాప పుట్టింది. జవాబు ఇంకా రాలేదు. బాబాయి రోజూ పొద్దున చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తున్నారు, నాతో మాత్రం ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.